పాత కారు ఫ్యాను: నాడి చూచిన పిమ్మటనే మందు



ఎండలు ముదిరినంతనే పాత కారుగల యిండ్లలో నొక చింత మొదలగును. బండి పెద్దరోడ్డుపై పరుగెత్తునంతసేపు సుఖముగనే యుండును. బజారులో నాలుగు బండ్ల వెనుక నిలిచినంతనే వేడిని దెలుపు ముల్లు పైకెక్క నారంభించును. ముందు మూత క్రిందినుండి వినబడవలసిన ఫ్యాను చప్పుడు మాత్రము వినరాదు. షెడ్డునకు గొనిపోయినచో మోటారు కాలినదని యొకరు, థర్మోస్టాటు తీసివేయవలెనని యొకరు, ఫ్యానును డైరెక్టు చేసిన చాలునని వేఱొకరు చెప్పుదురు. మూడు షెడ్లు తిరిగినచో మూడు బిల్లులు చేతికి వచ్చును. ముల్లు తన దారిని తాను పోవుచునే యుండును. ఈ విషయమై పలువురు సోదరీమణులు ప్రశ్నించుచున్నందున నీ మాసమున దీనినే విచారింపదలచితిమి.

మేము మొదటనే చెప్పదలచిన మాట యొకటి గలదు. ఫ్యాను తిరుగకుండుట రోగము కాదు, రోగలక్షణము. బిడ్డకు జ్వరము వచ్చినపుడు నుదుట తడిగుడ్డ వేయుట మంచిదే. కాని జ్వరమేల వచ్చినదో విచారింపని వైద్యుని మనము రెండవమారు పిలువము. కారు విషయమున మాత్రము, అది మగవారి వ్యవహారమనియో, మనకు తెలియని యంత్రమనియో తలచి, ఎవరేమి చెప్పినను తల యూపుచున్నాము. ఇది తగదు. ఈ యంత్రములో మనకు తెలియరానిది మిక్కిలి కొంచెము. చేతికి నూనె యంటకుండ, విని, చూచి, వరుసగా ప్రశ్నించి, దోషము ఏ తావున నున్నదో చాలవరకు తేల్చుకొనవచ్చును.

ఫ్యానుతో పనియేమి?

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన వేడిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. మిగిలినదానిలో కొంత పొగగొట్టము దారిని పోవును. కొంత ఇంజను గోడలయందు నిలుచును. ఈ నిలిచిన వేడిని నీరు గ్రహించి రేడియేటరులోని సన్నని గొట్టములలోనికి వచ్చి, అచట గాలికి దాని నప్పగించి, చల్లబడి మరల ఇంజనులోనికి పోవును. అన్నము వార్చిన గంజిని వెడల్పు పళ్లెములో పోసి విసరినచో త్వరగా చల్లాఱుట మన మెఱుగుదుము. రేడియేటరు ఆ పళ్లెమువంటిది. ఫ్యాను మన చేతి విసనకఱ్ఱ వంటిది.

మోటారుబండి పుట్టిననాడే ఈ చింతయు పుట్టినది. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను గృహిణి, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల బండిలో, కుమారుల నిద్దఱను వెంటగొని, మాన్‌హైమ్ నగరమునుండి తన పుట్టినిల్లగు ఫోర్జ్‌హైమ్‌నకు నూఱు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసినది. ఆ బండిలోని నీరు కాగి యావిరియై పోవుచుండుటచే దారిపొడవున మరల మరల నీరు పోయవలసివచ్చెను. ఇంధనము వచ్చు గొట్టము పూడిపోగా తన టోపీసూదితో దానిని శుభ్రపఱచుకొన్నదని చెప్పుదురు. మోటారుబండిలో ప్రప్రథమ దూరప్రయాణము పుట్టినింటికి బయలుదేరిన యొక యిల్లాలిది. దారిలో రోగమును కనిపెట్టి చికిత్స చేసికొన్నదియు నామెయే. కావున ఈ విద్య మనకు పరాయిది కాదు.

మన దేశమున అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని వంటి వెనుకటి కార్లలో ఇంజను ముందువెనుకలుగా నిడుపున అమర్చబడియుండెను. ఫ్యాను ఇంజను ముఖముననే యుండి తోలుపట్టీవంటి బెల్టుచే త్రిప్పబడుచుండెను. ఇంజను తిరిగినంతసేపు అదియు తిరుగును. దానికి వేఱొకరి యాజ్ఞతో పనిలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను ఇందులో అడ్డముగా అమర్చబడినది. ఇరుసు ప్రక్కకు తిరిగియుండగా, ముందువైపు చూచు ఫ్యానును బెల్టుతో త్రిప్పుట కుదురదు. అందుచే దానికి ప్రత్యేకముగా విద్యుత్తుతో నడచు చిన్న మోటారును బెట్టిరి. ఈ కారు తయారీ 2014 జనవరిలో నిలిచిపోయినను మన యూళ్లలో నేటికిని అవి తిరుగుచునే యున్నవి. తరువాత వచ్చిన చిన్నకార్లు దాదాపుగా నన్నియు నీ పద్ధతివే.

విద్యుత్తు ఫ్యాను ఎల్లవేళల తిరుగదు; తిరుగనక్కఱయు లేదు. బండి వేగముగా బోవునపుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లపఱచును. నిలిచినపుడును, మెల్లగా ప్రాకునపుడును మాత్రమే ఫ్యానుతో పని. ఈ యొక్క సంగతినుండియే మొదటి పరీక్ష పుట్టుచున్నది. రద్దీలో ముల్లు ఎక్కి, రోడ్డు ఖాళీకాగానే తనంతట దిగినచో దోషము చాలవరకు ఫ్యాను సంబంధమైనదే. వేగముగా బోవునపుడును ముల్లు ఎక్కుచున్నచో ఫ్యానును నిందింపరాదు. నీరు తగ్గుటో, రేడియేటరు పూడుటో, థర్మోస్టాటు మూసికొని నిలుచుటో, నీటిపంపు చెడుటో కారణమై యుండును. షెడ్డులో కాలుమోపక మునుపే ఈ భేదము మీరు చెప్పగలిగినచో సగము బిల్లు తగ్గినట్లే.

ఆజ్ఞ నడచు దారి

ఫ్యానుకు ఆజ్ఞ ఎట్లు చేరునో యిపుడు చూతము. ఇది యొక రాజగృహమువంటిది.

మొదటివాడు థర్మోస్టాటు అను ద్వారపాలకుడు. నీరు 82 డిగ్రీలో 88 డిగ్రీలో కాగువరకు రేడియేటరు ద్వారమును తెఱవడు. ఆ యంకె చాలవరకు వాని యొంటిమీదనే చెక్కబడియుండును. రెండవవాడు థర్మోస్విచ్చు అను వేగులవాడు. కొన్ని కార్లలో రేడియేటరు ప్రక్కను, కొన్నిటిలో ఇంజనుమీదను నీటిలో మునిగియుండును. చాల కార్లలో నీరు ఇంచుమించు 95 మొదలు 100 డిగ్రీలవరకు చేరినపుడు వీడు లోపలి తీగలను కలిపి వార్త పంపును. కొన్ని డిగ్రీలు చల్లాఱగానే విడదీయును. మూడవవాడు రిలే. అగ్గిపెట్టెకన్న చిన్నదైన యీ నల్లని పెట్టె కొద్దిపాటి విద్యుత్తుతో ఆజ్ఞ నందుకొని, మోటారునకు వలయు గొప్ప విద్యుత్తును విడుచును. చిన్నకారు ఫ్యాను ఇంచుమించు 7 మొదలు 10 ఆంపియర్లు త్రాగును. రిలే నాడించుటకు ఆంపియరులో నైదవవంతు ప్రాంతము చాలును. నాల్గవవాడు ఫ్యూజు, భారము మీఱినపుడు తాను కాలి యింటిని కాపాడువాడు. ఐదవవాడు మోటారు. ఆఱవవాడు ఎవరి కంటను పడని ఎర్తు తీగ. పనిచేసిన విద్యుత్తు ఈ తీగద్వారా బండి యినుమునకు చేరి, బ్యాటరీకి మరలిపోవును.

కొన్ని పాత కార్లలో రిలే లేక స్విచ్చే నేరుగా మోటారును త్రిప్పును. కార్బొరేటరు పోయి కంప్యూటరు వచ్చిన తరువాతి కార్లలో, నీటివేడిని కొలుచు సెన్సారు కంప్యూటరునకు చెప్పగా, అది రిలేకు ఆజ్ఞ యిచ్చును. దారి యేదైనను ప్రశ్న యొకటే: ఆజ్ఞ ఎవరివద్ద నిలిచినది? అందఱిలో కంటబడువాడు మోటారే గనుక నింద మొదట వానిపై పడును. పని చెడినపుడు కనబడిన సేవకుని తొలగించుట సులభము. కాని వానికి వార్తయే చేరలేదేమో విచారించుట న్యాయము.

పరీక్షకు ముందు జాగ్రత్త

ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూతను తెఱవరాదు. ఇది మఱచిన చేతులు, ముఖములు కాలును. ఆ మూత ప్రెషరు కుక్కరుపై బరువువంటిది. చాల చిన్నకార్లలో చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 0.9 కిలోగ్రాముల యొత్తిడిని అది నిలిపియుంచును. ఆ యొత్తిడిలో నీరు 118, 120 డిగ్రీల ప్రాంతమువరకు కాగక నిలుచును. మూత తీసినంతనే ఒత్తిడి పోయి, నీరంతయు నొక్కమారుగా మరిగి పైకెగయును. ఆవిరి పోకమునుపు కుక్కరు మూతను లాగుటకు సాహసింపని మనము దీనివద్దను అట్లే యుండవలయును. ఇంజను ఆపి, పైగొట్టమును చేతితో తాకగలిగినంత చల్లబడిన పిమ్మటనే తెఱవవలెను.

ఫ్యాను రెక్కల దరికి చేయి పోనీయరాదు. పెక్కు కార్లలో తాళము తీసిన తరువాతను అది తటాలున తిరుగ నారంభించును. పమిట చెంగును దోపుకొని, జడను ముడిచి, గాజులును ఉంగరములును తీసి పనికి పూనుకొనవలెను. బంగారు గాజు బ్యాటరీకొనకును బండి యినుమునకును నడుమ తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలి మణికట్టును కాల్చును.

మఱియొకటి. ఆకుపచ్చగనో గులాబిరంగుగనో యుండు కూలెంటు రుచికి తియ్యనిది, కడుపునకు విషము. నేలపై కాఱినదానిని వెంటనే కడిగివేయవలెను. మిగిలినదానిని పానీయముల సీసాలలో పోసి యుంచరాదు. పసిబిడ్డలకును, కుక్కలకును, పశువులకును దాని తీపియే మృత్యువు.

తిరుగని ఫ్యాను

మొదట, ఇంజను చల్లగా నున్నపుడు, నీటిని చూడుడు. ఇది వింతగా తోచవచ్చును. థర్మోస్విచ్చు నీటిలో మునిగియుండిననే వేడిని సరిగా తెలిసికొనును. నీరు తగ్గి, దానిచుట్టును గాలి నిలిచినచో ఇంజను కాలిపోవుచున్నను వేగులవానికి వార్త తెలియదు, ఫ్యాను తిరుగదు. అపుడు మోటారు మార్చినను ఫలము లేదు. నీరు చాపక్రింది నీరువలె ఎచటనుండి పోవుచున్నదో వెదకవలెను.

నీరు సరిగా నున్నచో, ఏసీగల కారైనపుడు ఇంజను నడుపుచు ఏసీ వేసి చూడుడు. చాల కార్లలో ఏసీ వేసినంతనే రేడియేటరు ఫ్యానో, దాని ప్రక్కనున్న రెండవ ఫ్యానో తిరుగును. ఉన్నది ఒక్కటే ఫ్యాను అయి, అది ఏసీతో తిరిగి, వేడికి మాత్రము తిరుగకున్నచో మోటారు నిర్దోషి. ఆజ్ఞ వేగులవానివద్దనే నిలిచినది.

పిమ్మట ఫ్యూజును చూడవలెను. తాళము తీసి, దానిని లాగి, వెలుతురులో లోపలి తీగ తెగినదేమో చూడుడు. తెగినచో అంతే ఆంపియర్ల ఫ్యూజును వేయవలెను. అదియు వెంటనే కాలినచో ఎక్కువ ఆంపియర్లది వేయుట యవివేకము. మోటారు బిగిసికొని అధికముగా త్రాగుచున్నదో, తీగ యొరసికొనిపోయి ఇనుమునకు తగులుచున్నదో తెలిసికొనవలెను.

తరువాత రిలే. చాల కార్లలో హారనునకును ఫ్యానుకును ఒకే జాతి రిలే యుండును. పైనున్న యంకెలును కాళ్ల యమరికయు సరిగా కలిసినచో రెండింటిని మార్చి చూడవచ్చును. ఫ్యాను తిరిగి హారను మూగవోయినచో దొంగ దొరకినట్లే. గోటితో పోవుదానికి గొడ్డలి యేల? రిలే వెల మోటారు వెలలో స్వల్పభాగము.

ఇక వేగులవాడు. రెండు తీగలు మాత్రమే యుండి కంప్యూటరు లేని పాత కారైనచో, స్విచ్చునుండి ప్లగ్గు ఊడదీసి, తాళము త్రిప్పి, ఆ ప్లగ్గులోని రెండు కొనలను చిన్న తీగతో కలుపవలెను. ఫ్యాను తిరిగినచో రిలే, ఫ్యూజు, మోటారు, ఎర్తు అన్నియు సాక్ష్యమిచ్చినట్లే. స్విచ్చో, దానిచుట్టు నీటికొఱతయో దోషము. మూడు తీగలున్నచో గాని, కంప్యూటరునకు పోవు సెన్సారైనచో గాని తీగలు కలుపరాదు; దానిని తెలిసిన మెకానిక్కునకు విడువవలెను.

తీసిన స్విచ్చును, థర్మోస్టాటును వంటయింటి విద్యతోనే పరీక్షింపవచ్చును. వంటకు వాడని పాత గిన్నెలో నీరుపోసి, థర్మోస్టాటును అడుగు తాకకుండ దారముతో వ్రేలాడగట్టి, థర్మామీటరుంచి కాచుడు. చెక్కిన యంకె ప్రాంతమున దాని నోరు తెఱచుకొనవలెను. మరుగు నీటిలోను తెఱువనిది పనికిమాలినది. స్విచ్చును నీటిలో దాని లోహపు మొన మాత్రమే ముంచి, తీగలకు చిన్న బల్బును బ్యాటరీని కలిపి, వెలుగు వచ్చు వేడిని చూడవచ్చును. ఇచట నొక సూక్ష్మము గలదు. మూతలేని గిన్నెలో నీరు సముద్రతీరమున 100 డిగ్రీలకు మించి కాగదు. ఇంచుమించు 540 మీటర్ల యెత్తున నున్న హైదరాబాదులో 98 డిగ్రీలకే మరుగును. అందుచే 100 డిగ్రీలకు కలియవలసిన స్విచ్చు గిన్నెలో వెలుగకున్నంతమాత్రమున దానిని దోషి యనరాదు.

కడపట మోటారు. దాని ప్లగ్గును ఊడదీసి, ఫ్యూజుగల రెండు తీగలతో నేరుగా బ్యాటరీనుండి విద్యుత్తు నిచ్చిన తిరుగవలెను. తిరిగినచో మోటారు మంచిదే. ఈ పరీక్షను మెకానిక్కుచే మీ యెదుట చేయించుడు, నిమిషము పట్టదు. తిరుగకున్నచో, తాళమును తీసి బ్యాటరీ తీగను విప్పిన పిమ్మట, రెక్కను కఱ్ఱతో మెల్లగా కదలించి చూడవలెను. బిగువుగా నున్నచో లోపలి బేరింగు చెడినది. సులభముగా కదలుచు, ఒకనాడు తిరిగి యొకనాడు తిరుగక, కఱ్ఱతో తట్టినపుడు మాత్రము లేచునదైనచో లోపలి బొగ్గుముక్కలు అరిగినవి. అపుడు మార్చుడు, మేమును వలదనము.

మోటారు మంచిదై, ఆజ్ఞయు వచ్చుచున్నను తిరుగకున్నచో ప్లగ్గులను ఎర్తు తీగను చూడవలెను. మన తీరపు జిల్లాలలో ఉప్పుగాలికి కొనలయందు పచ్చని చిలుము పట్టును. కరగి నల్లబడిన ప్లగ్గు, ఎంతకాలముగనో మోటారు అధికముగా త్రాగుచున్నదని చెప్పు సాక్షి.

ఆగని ఫ్యాను

కొన్ని బండ్లలో దీనికి విపరీతము. తాళము త్రిప్పినంతనే, చల్లని యుదయమునను, ఫ్యాను హోరున తిరుగును. ఇంజను ఆపిన తరువాత కొలది నిమిషములు తిరిగి ఆగుట చాల కార్లకు స్వభావమే, భయపడనక్కఱలేదు. రాత్రియెల్ల తిరిగి తెల్లవారునప్పటికి బ్యాటరీని పీల్చివేయుట మాత్రము రోగము.

రిలేను లాగి చూడుడు. ఆగకున్నచో ఎవరో తీగను నేరుగా కలిపిరి. ఆగినచో దోషము రిలేలోనో, దానికి వచ్చు ఆజ్ఞలోనో యున్నది. క్రొత్త రిలే పెట్టినను తిరుగుచున్నచో స్విచ్చు లోపల అతుకుకొనిపోయినది. క్రొత్తదానితో సరిపడినచో పాత రిలే లోపలి ముక్కలే కాలి యతుకుకొన్నవి. కంప్యూటరుగల పెక్కు కార్లలో సెన్సారు తీగ యూడినచో, వేడి తెలియనందున కంప్యూటరు జాగ్రత్తకొఱకు ఫ్యానును విడువక త్రిప్పును. ఇది దోషము కాదు, వివేకము. ఊడిన ప్లగ్గును మరల పెట్టుటతోనే ఇట్టి హోరు శాంతించుటయు గలదు.

తిరిగియు చల్లపఱుపని ఫ్యాను

ఫ్యాను తిరుగుచున్నను వేడి తగ్గనపుడు, నిలిచిన బండి ముందుజాలిపై నొక పలుచని కాగితము నుంచుడు. రేడియేటరు వెనుకనున్న ఫ్యాను గాలిని లోనికి లాగవలెను. కాగితము జాలి కతుకుకొనవలెను. అది యెగిరి మీ మీదికి వచ్చినచో ఫ్యాను వెనుకకు తిరుగుచున్నది. మోటారు మార్చినపుడు రెండు తీగలను తాఱుమాఱుగా కలిపినచో ఇట్లగును. రోడ్డుపై నెదురుగాలిని ఫ్యానే త్రోసివేయుచుండును. తీగలు మార్చినచో కానీ ఖర్చులేకుండ రోగము పోవును.

కాగితము మెల్లగా అతికి జాఱిపోయినచో మోటారు నీరసించినది. లేదా జాలి మట్టితోను పురుగులతోను పూడినది. రేడియేటరును మెల్లని నీటిధారతో కడుగవలెను. గట్టిధార సన్నని రేకులను వంచివేయును. ఫ్యానుచుట్టునుండు ప్లాస్టికు గూడు విఱిగినదనో అడ్డమనో తీసివేసినచో గాలి ప్రక్కలనుండి వచ్చి పోవునేకాని రేడియేటరుగుండ పోదు. గూడు అలంకారము కాదు.

డైరెక్టు అను మందు

ఇక షెడ్లలో తఱచుగా చేయు చికిత్సను గూర్చి చెప్పవలసియున్నది. దోషము వెదకుటకు తీఱిక లేనపుడు, తాళము త్రిప్పినంతనే ఫ్యాను తిరుగునట్లు తీగను కలిపివేయుదురు. దీనినే డైరెక్టు చేయుట యందురు. ముల్లు దిగును, యజమాని సంతసించును. కాని ఇల్లలుకగానే పండుగ కాదు.

ఎల్లవేళల తిరుగుచుండుటచే బొగ్గుముక్కలు త్వరగా అరిగి, మంచి మోటారును చెడును. బ్యాటరీపైనను, దానిని నింపు ఆల్టర్నేటరుపైనను భారము పెరుగును. పాత బ్యాటరీగల కారు రాత్రివేళ దీపములతో తడబడును. అన్నిటికన్న ముఖ్యముగా, నీరు తగ్గుట, రేడియేటరు పూడుట మొదలగు అసలు రోగములు కొంతకాలము మాటుపడి, ఒకనాడు నడిరోడ్డున ఒక్కమారుగా బయటపడును. ఫ్యూజు లేకుండ తీగను కలిపినచో, మోటారు బిగిసిననాడు తీగయే కాలి బండి యంటుకొనవచ్చును. థర్మోస్టాటును తీసి పాఱవేయుటయు నిట్టిదే. ఇంజను తగిన వేడికి చేరక పెట్రోలును వృథాగా త్రాగును.

దీనినంతను పాపమనుట మా యభిప్రాయము కాదు. ఊరుగాని యూరిలో, ఎండవేళ, పిల్లలతో చిక్కుకొన్నపుడు ఇల్లు చేరుటకు డైరెక్టు ఉపాయమే. కాని ఫ్యూజు ఉండవలెను, తాళముతో ఆగవలెను, ఏ తీగను ఎచట కలిపిరో కాగితముపై వ్రాయించుకొనవలెను, ఆ వారములోనే విప్పించి అసలు దోషమును వెదకింపవలెను. తడిగుడ్డ రాత్రికి చాలును, రోగమునకు చాలదు.

నడిదారిలో ముల్లు ఎక్కినచో

రద్దీలో ఫ్యాను నిలిచిపోయి ముల్లు ఎక్కుచున్నచో మొదట ఏసీ ఆపుడు. కారులో హీటరున్నచో దానిని పూర్తిగా తెఱచి గాలిని పెంచుడు. వేసవిలో నిది శిక్షవలె నుండును గాని ఇంజను వేడిలో కొంత దానిద్వారా బయటికి పోవును. అద్దములు దించుకొనుడు. ముల్లు ఎఱ్ఱగీతను సమీపించినచో ప్రక్కకు తీసి ఇంజను నాపుడు. "ఇంక రెండు ఫర్లాంగులే గదా" యను మాట వినవలదు. ఆ రెండు ఫర్లాంగులలోనే అల్యూమినియపు హెడ్డు వంగును. దాని క్రింది గాస్కెట్టు చీలును. నీరును నూనెయు కలిసి చిలికిన మజ్జిగవలె నగును. రిలేతో తీఱవలసిన పని ఇంజను విప్పుటవరకు వచ్చుట ఇట్లే. కాలుచున్న ఇంజనుపై చన్నీరు పోయరాదు. కాలిన గాజుపాత్రపై నీరుపోసినట్లు పగులవచ్చును. అరగంటకు తక్కువ గాకుండ చల్లాఱనిచ్చి, పైగొట్టమును తాకి చూచి, గుడ్డతో మూతను మెల్లగా త్రిప్పి, నీరు పోయవలెను.

షెడ్డులో నాలుగు మాటలు

షెడ్డునకు బోవునపుడు "ఫ్యాను బాగుచేయుడు" అని యనవలదు. "అన్నా, రద్దీలో వేడెక్కుచున్నది, రోడ్డుపై దిగుచున్నది. నీరు సరిగా నున్నది. ఏసీ వేసిన ఫ్యాను తిరుగుచున్నది. ఫ్యూజు మంచిది. స్విచ్చు చూచితిరా?" అని మర్యాదగా నడుగుడు. మోటారు మార్చవలెనన్నచో, "నేరుగా బ్యాటరీ యిచ్చి ఒకమారు చూపుడు" అని కోరుడు. మంచి పనివాడు ఇట్టి ప్రశ్నకు కోపగింపడు. తన పని తెలిసినవారు వచ్చిరని సంతసించును. తీసిన పాత భాగమును ఇంటికి తెచ్చుకొనుడు. ఏ దినమున ఏమి మార్చిరో ఇంటిజమా పుస్తకములోనే ఒక పుట వ్రాయుడు. రెండేండ్లలో రెండుమార్లు ఒకే ఫ్యూజు కాలినదని ఆ పుట చెప్పును. ఏ మెకానిక్కునకును అది జ్ఞాపకముండదు.

ఎండలు ముదురకమునుపే, చల్లని వేళ నీటిమట్టము చూచి, బండి నిలిపి ఇంజను నడుపుచు, ముల్లు నడిమికి వచ్చిన పిమ్మట ఫ్యాను తనంతట లేచి, కొంతసేపటికి తనంతట ఆగుచున్నదో లేదో ఒకమారు వినుడు. లేచుటయు ఆగుటయు రెండును ఆరోగ్యలక్షణములే. కూలెంటు ఎన్నినాళ్లకు మార్చవలెనో, ఏ నీటితో కలుపవలెనో వచ్చు మాసమున విచారింతము.